తొలి ధార సీసా

వాలెస్ డ్రమండ్ చేతిలో టార్చి ఇంకా వెలుగుతోంది.

ఆదివారం మధ్యాహ్నం 1:50. ఇక్కడ జూలై అంటే నడి చలికాలం, గడ్డి మీద మంచు పేరుకుని ఉంది. ఎండ మాత్రం కళ్ళు జిగేల్‌మనేలా కాస్తోంది. షెడ్డు తలుపు బార్లా తెరిచి ఉంది. కిటికీ తెరలు పక్కకి లాగి ఉన్నాయి. పైకప్పుకున్న మూడు బల్బులూ వెలుగుతున్నాయి. బల్ల మీద దీపం కూడా.

అంత వెలుతురు మధ్య, డెబ్బై ఒక్కేళ్ళ మనిషి కుర్చీలో ఒరిగిపోయి చచ్చి ఉన్నాడు.

డిటెక్టివ్ సార్జెంట్ మోయిరా కెర్ గడప దగ్గరే ఆగిపోయింది.

"ఎప్పుడు పోయాడు డాక్టర్?"

"పదకొండుకి, పదకొండున్నరకి మధ్య."

"ఇవాళ పొద్దున్నేనా?"

"ఇవాళే. మూడు గంటలు దాటలేదు."

"మరి పట్టపగలు ఇన్ని దీపాలెందుకు వేసుకున్నాడు?"

డాక్టర్ శవం కనురెప్ప పైకెత్తాడు. కంటిపాప బాగా విచ్చుకుని ఉంది.

"చూపు పోయినట్టుంది. దీపాలు వేసినకొద్దీ చీకటే కనబడి ఉంటుంది పాపం. మిథనాల్ అనుకుంటున్నా. పోస్ట్‌మార్టం అయితేగానీ ఖాయంగా చెప్పలేను."

మోయిరా ఆ దీపాలన్నిటినీ ఇంకోసారి చూసింది. మనిషి ఒంటరిగా ఇల్లంతా తడుముకుంటూ, ఒక్కొక్క స్విచ్చీ వెతుక్కుంటూ, చివరికి ఇక్కడికి వచ్చాడు. ఎందుకు?

షెడ్డులో ఓ మూల రాగి బట్టీ. పక్కన బార్లీ మొలకల బస్తాలు. గోడ వెంట చెక్క అరలో చిన్న చిన్న ఓక్ పీపాలు వరసగా ఉన్నాయి. ఇంట్లో విస్కీ కాచుకుని, పీపాలో ఏళ్ళ తరబడి ముగ్గబెట్టుకోవడం వాలెస్‌కి సరదా. హోకోనుయి కొండల కింద కైరాటా ఊళ్ళో అది కొత్త సంగతేం కాదు. అమ్మకూడదు, అంతే. తాగితే తప్పులేదు.

కుర్చీ కాళ్ళ దగ్గర ఓ గాజు సీసా నిలబెట్టి ఉంది. మూత తీసి పక్కన పెట్టి ఉంది. సీసా మీద నీలం సిరాతో చీటీ.

*తొలి ధార. మరామాది. పొయ్యి ముట్టించడానికే. తాగకూడదు.*

"ఈ మరామా ఎవరు?" అంది మోయిరా.

కానిస్టేబుల్ తామాటి గొంతు తగ్గించాడు.

"శవాన్ని చూసింది ఆవిడే సార్జెంట్. బయట కారులో ఉంది. చంటిపిల్లతో."

—

మరామాకి ఇరవై ఆరేళ్ళు. ఒళ్ళో ఎనిమిది నెలల కీరి. పిల్ల చేతులు చల్లబడ్డాయేమోనని మాటిమాటికీ పట్టుకుని చూస్తోంది.

"వాలెస్ నీకేమవుతాడు?"

"ఏమీ కాడు. కోరో అని పిలుస్తాను. మా తాతని పిలిచినట్టు." ముక్కు తుడుచుకుంది. "రెండేళ్ళ నుంచీ పని నేర్పుతున్నాడు. బార్లీ మొలకెత్తించడం, మానుకా కట్టెల పొగ పట్టించడం, కాచడం, అన్నీ."

"ఆయన చివరిగా తాగింది?"

మరామా తల వంచుకుంది.

"నాది. నా మొదటి పీపా. ఏడాది నిండింది. శుక్రవారం సాయంత్రం ఆరింటికి తెరిచాడు."

"ఇంకెవరు తాగారు?"

"ఎవరూ తాగరు సార్జెంట్. మా క్లబ్బులో పద్ధతి అది. నేర్చుకున్నవాళ్ళ మొదటి పీపా, నేర్పినవాళ్ళే ముందు తాగాలి. ఒంటరిగా. రెండు గ్లాసులు. ఒకటి నీళ్ళు కలపనిది, ఒకటి కలిపింది. మర్నాడు చెప్పాలి."

"చెప్పాడా?"

"శనివారం తొమ్మిదింటికి ఫోన్ చేశాడు. 'బాగుందే పిల్లా, పొగ బాగా పట్టింది, కాస్త పల్చగా ఉందంతే' అన్నాడు. తలనొప్పిగా ఉందన్నాడు. మళ్ళీ నాలుగింటికి చేశాడు." పిల్ల టోపీ సర్దింది. "'ఇవాళ పొగమంచు వీడలేదేమే?' అన్నాడు. ఇక్కడ ఎండ ఫెళ్ళున కాస్తోంది. 'ముసలాడివైపోయావు కోరో, కళ్ళజోడు తుడుచుకో' అని నవ్వాను. నవ్వాను సార్జెంట్."

మోయిరా నోట్‌బుక్ తీసింది.

"ఇవాళ 10:42కి మళ్ళీ చేశాడు. నేను దీనికి నీళ్ళు పోస్తున్నాను. వినబడలేదు. చూసుకునేసరికి ఒంటిగంట దాటింది."

"నువ్వు నీ పీపా రుచి చూడలేదా?"

"వాసన చూశాను. నోట్లో పోసుకోలేదు. పాలిస్తున్నాను కదా."

మోయిరా ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకుంది. రాసుకుంటుంటేనే తెలుసు, ఇన్‌స్పెక్టర్ దీన్ని ఎలా చదువుతాడో.

—

సోమవారం ఉదయం 10:00. ఇన్‌స్పెక్టర్ ప్రింగిల్ ల్యాబ్ రిపోర్టు బల్ల మీద పడేశాడు.

"శవంలో మిథనాల్. మరామా పీపాలో నాలుగోవంతు మిథనాల్. ఆ తొలి ధార సీసాలో అయితే మూడొంతులు మిథనాలే. ఇంకేం కావాలి మోయిరా?"

"చెప్పండి సార్, ఏం జరిగిందంటారు?"

"బట్టీ నుంచి మొదట కారేది విషం అని ఊళ్ళో పసిపిల్లాడికి కూడా తెలుసు. అది పక్కకి తీసెయ్యాలి. ఈ పిల్ల కొంత తీసింది, మిగతాది పీపాలోకి వదిలేసింది. ముసలాయనకి చివర్లో అనుమానం వచ్చింది, సీసా తీసి చూసుకున్నాడు. ఆ పిల్ల మాత్రం చుక్క ముట్టలేదు చూశావా? భయం ఉందన్నమాట. నిర్లక్ష్యం వల్ల మరణం. రేపు మూడింటికి అరెస్ట్."

"ఆవిడ మొగుడు చేపల పడవ మీద ఉన్నాడు. మూడు వారాల దాకా ఒడ్డుకి రాడు. పాలు తాగే పిల్ల ఉంది సార్."

"శిశు సంక్షేమం వాళ్ళకి చెప్పాను. చూసుకుంటారు."

మోయిరా ఎవిడెన్స్ గదిలోకి వెళ్ళి సీసా తీయించింది. లైటు కింద పెట్టి తిప్పి చూసింది.

చీటీ పాతది. అంచులు మరకలు పడ్డాయి. సీసా లోపల మాత్రం తళతళలాడుతోంది. ఏడాదిగా వాడుతున్న సీసా. గాజుకి ఒక్క చార లేదు, మెడ దగ్గర ఒక్క వలయం లేదు. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

దాదాపు ఏమీ లేదు. సన్నటి స్పిరిట్ వాసన, అంతే.

మోయిరా మొహం ముడిచింది. వాళ్ళ నాయనమ్మ దొంగ బట్టీ కాచిన మనిషి. ఆ రోజుల్లో ఎక్సైజ్ వాళ్ళు కొండెక్కుతుంటే బట్టీని గొర్రెల దొడ్లో దాచేది. ఆవిడ పొయ్యి పక్కన కూడా ఇలాంటి సీసా ఉండేది. అది మూత తీస్తే గదిలోంచి పిల్లులు కూడా పారిపోయేవి.

ఒక చిన్న గాజు గొట్టంలో కొంచెం పట్టుకుని ఆమె మరామా ఇంటికి బయలుదేరింది.

—

11:30. వంటింట్లో కీరి ఎత్తు కుర్చీలో కూర్చుని ఉడికిన చిలగడదుంపని మొహమంతా పూసుకుంటోంది. మరామా పక్కనే ఓ సంచీ సర్దుతోంది. చిన్న చిన్న చొక్కాలు, డైపర్లు, ఒక కుందేలు బొమ్మ.

"ఎక్కడికి?"

"నాకు కాదు. దానికి." మరామా తలెత్తలేదు. "ఇందాక ఫోన్ చేశారు. రేపు మధ్యాహ్నానికి పిల్ల బట్టలు సిద్ధంగా పెట్టమన్నారు. సీసా పాలు తాగదని చెప్పాను. అలవాటు చేస్తాం అన్నారు." ఒక్కసారి గొంతు లేచింది. "రాత్రుళ్ళు లేచి ఏడిస్తే నా భుజం మీద తప్ప పడుకోదు. వాళ్ళకెవరు చెబుతారు? రాసి ఇస్తే చదువుతారా?"

మోయిరా గాజు గొట్టం మూత తీసి అందించింది.

"వాసన చూడు. తాగకు."

మరామా చూసింది. మళ్ళీ చూసింది.

"ఏంటిది?"

"నీ తొలి ధార."

"కాదు."

"సీసా మీద చీటీ నీదేనా?"

"చీటీ నాదే. ఇది నాది కాదు. గోళ్ళరంగు వాసన ఏది? తొలి ధారంటే ముక్కు పట్టేసే గోళ్ళరంగు వాసన సార్జెంట్! ఆ కంపుకి పాపకి దగ్గొస్తుందనే కదా సీసా ఇంట్లో పెట్టుకోకుండా కోరో షెడ్డులో పెట్టింది. పైగా నాది పొగ పట్టించిన బార్లీ. అడుగున పొగ వాసన కూడా ఉండేది."

"నువ్వు పక్కకి ఎంత తీశావు, పీపాలోకి ఎంత వదిలావు, గుర్తుందా?"

"గుర్తుండటం కాదు, ముక్కే చెబుతుంది. ముందు గోళ్ళరంగు. అది పోయేదాకా ఆగాలి. తర్వాత పళ్ళ వాసన మొదలవుతుంది, అప్పుడు నడిమి ధార. అదే పీపాలోకి. తడి కుక్క వాసన వస్తే కడ ధార, ఆపెయ్యాలి. ముక్కు లేనివాడు బట్టీ దగ్గర కూర్చోకూడదు అనేవాడు కోరో."

"ఆ షెడ్డుకి తాళం?"

"ఎప్పుడూ లేదు. గురువారం పొద్దున్న నన్నూ పాపనీ టీకాకి తీసుకెళ్ళాడు. పది నుంచి పన్నెండున్నర దాకా ఎవరూ లేరు. క్లబ్బులో అందరికీ తెలుసు."

క్లబ్బులో అందరూ అంటే, ఇంక ఇద్దరే.

మోయిరా కారులోంచి ల్యాబ్‌కి ఫోన్ చేసింది.

"ఆ సీసాలో మిథనాల్ కాక ఇంకేముందో చూడండి. గోళ్ళరంగు వాసన ఇచ్చేవి, ఎసిటోన్, అలాంటివి. నాకు రేపు పొద్దున్నకి కావాలి."

—

కెల్విన్ స్మాల్ గ్యారేజీ 1:15కి. నలభై ఏళ్ళ మనిషి, ఒళ్ళంతా గ్రీజు. వాలెస్ క్లబ్బులో మూడోవాడు. శనివారాలు మట్టి ట్రాక్ మీద రేసు కారు నడుపుతాడు. ఆ కారు మిథనాల్‌తో నడుస్తుంది.

గోడ పక్కన నీలం డ్రమ్ము.

"నేనే చంపానంటారా బాస్? చంపేవాణ్ణయితే డ్రమ్ము ఇలా నడివీధిలో పెట్టుకుంటానా?"

"ఎంత పోయింది?"

"ఎవడు కొలిచాడు? పోయినవారం చూస్తే తేలికనిపించింది. కారు తాగేసిందేమో అనుకున్నా. అది నాకంటే తాగుబోతు."

"ఎవరెవరు వస్తారు ఇక్కడికి?"

"మరామా మొగుడు ఒడ్డున ఉంటే టైర్లు మారుస్తాడు. వాలెస్ వచ్చి తిట్టేవాడు. గ్రేమ్ గారు కూర్చుని టీ తాగేవారు. గ్యారేజీకి తలుపే లేదు, మీరు చూస్తున్నారుగా." కెల్విన్ చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. నవ్వు పోయింది. "ఆ పిల్ల మీద వేస్తున్నారట. తప్పు బాస్. నాకు పడిశం పట్టిన రోజు నేను కాస్తే తాగలేం. ఆ పిల్ల కళ్ళు మూసుకుని కాచినా నాకంటే బాగా కాస్తుంది. వాలెస్ ఊరికే అన్నాడా, వసంతానికి డిస్టిలరీ తెరిస్తే అందులో దీన్ని పెట్టాలని?"

"ఏ డిస్టిలరీ?"

"నది పక్కన కడుతున్నారుగా. విస్కీ కాచే పనికి పెద్ద గ్రేమ్ గారే. ఖాయమైపోయింది."

—

2:40. గ్రేమ్ పాటన్ ఇల్లు.

క్లబ్బులో నాలుగోవాడు. అరవై రెండేళ్ళు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. ఒకప్పుడు మందుల షాపు నడిపాడు. భార్య పోయి ఆరేళ్ళు. ఒంటరివాడు. గోడ నిండా పతకాలు. ఇంట్లో కాచే విస్కీల జాతీయ పోటీకి ప్రధాన న్యాయనిర్ణేత.

ఇల్లు అద్దంలా ఉంది. అతిథి గదిలో పొయ్యి సన్నగా మండుతోంది. గట్టు మీద వరసగా సీసాలు, గ్లాసులు.

"ఘోరం సార్జెంట్. వాలెస్ నాకు నలభై ఏళ్ళ స్నేహితుడు. ఆ అమ్మాయిని కూడా ఏమీ అనలేం. చిన్నపిల్ల, పైగా చంటిబిడ్డ తల్లి, నిద్రలుండవు. పరధ్యానం. ఎక్కడో ఒకచోట పొరపాటు జరుగుతుంది."

"గురువారం పొద్దున్న మీరెక్కడున్నారు?"

"ఇంట్లోనే. పోటీ కాగితాలు దిద్దుకుంటూ."

"మీరిప్పుడు కాయడం లేదా? వెనక షెడ్డులో మీ బట్టీకి సాలెగూడు పట్టింది."

"రెండేళ్ళ క్రితమే మానేశాను. జడ్జి అన్నవాడు పోటీలో దిగకూడదు. అది మర్యాద కాదు."

"వాలెస్ గోడ క్యాలెండర్ మీద నిన్నటి ఆదివారం దగ్గర 'గ్రేమ్ చెబుతాడా?' అని రాసి ఉంది. ఏం చెప్పాలి మీరు?"

గ్రేమ్ చేతిలో టీ కప్పు కదల్లేదు.

"ఈ ఏడు విజేతల పేర్లు. ముందే చెప్పమని వేధించేవాడు."

మోయిరా తల ఊపింది. ఏదో వాసన. రెండు వాసనలు. ఒకటి సన్నగా, తియ్యగా, పొయ్యి వైపు నుంచి. గోళ్ళరంగులాగా. ఈ ఇంటికి ఆడవాళ్ళెవరైనా వస్తున్నారా అనుకుంది. రెండోది నిమిషం నిమిషానికీ చిక్కబడుతోంది.

"గ్రేమ్ గారూ, మీ వంటింట్లో ఏదో మాడుతోంది."

గ్రేమ్ ఉలిక్కిపడి లేచాడు. వంటింటి తలుపు తెరిస్తే నల్లటి పొగ గుప్పున బయటికొచ్చింది. గ్రిల్లు కింద చీజ్ రోల్స్ బొగ్గులై ఉన్నాయి.

"అయ్యో, మాటల్లో పడి చూసుకోలేదు."

మోయిరా గేటు దాటి కారెక్కింది. తాళంచెవి తిప్పబోయి ఆగింది.

వంటింటి తలుపు పక్కనే కూర్చున్నది ఆయన. తను కాదు.

—

మంగళవారం ఉదయం 9:20కి ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది. 9:50కి మోయిరా మెజిస్ట్రేట్ దగ్గర సోదా వారంట్ అడిగింది. ఇన్‌స్పెక్టర్ ప్రింగిల్‌ని ఒప్పించడానికి మాత్రం ఇంకో గంట పట్టింది.

"మూడింటిదాకా టైమిచ్చాను. ఆ తర్వాత ఒక్క నిమిషం ఆగను" అన్నాడాయన.

మధ్యాహ్నం 2:00. వాలెస్ షెడ్డు.

మూడు బల్లలు, మూడు కుర్చీలు, మూడూ గోడ వైపు తిప్పి ఉన్నాయి. ఒకరి మొహం ఒకరికి కనబడకూడదు. క్లబ్బు పరీక్షల్లో ఎప్పుడూ అలాగే. ఒక్కొక్క బల్ల మీద మూడు నీలం గాజు గ్లాసులు. లోపల రంగు కనబడకుండా ఉండటానికే ఆ నీలం.

మరామా కీరిని గుడ్డతో ఒంటికి కట్టుకుని వచ్చింది. పిల్ల నిద్రపోతోంది. గుమ్మంలో ప్రింగిల్ ఉన్నాడు. ఆయన పక్కన శిశు సంక్షేమం ఆవిడ ఆ సంచీ పట్టుకుని నిలబడి ఉంది. మరామా ఆ సంచీ వైపు చూడటం లేదు.

"ఇదేమిటి సార్జెంట్?" గ్రేమ్ మర్యాదగా నవ్వాడు. "మనిషి పోయి రెండు రోజులేగా అయింది."

"ఆయన పీపాలే ఇవి. వీటి గురించి తెలిసినవాళ్ళు మీరు ముగ్గురే. ఎవరూ తాగొద్దు. వాసన చూసి రాయండి, చాలు."

"నాకు కొంచెం పడిశం..."

"పది రోజుల కిందట తొంభై సీసాలు పరీక్షించి మార్కులేశారటగా?"

కెల్విన్ పకపకా నవ్వబోయి ఆపుకున్నాడు. గ్రేమ్ కూర్చున్నాడు.

ఐదు నిమిషాలు పెన్నుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. రెండో గ్లాసు దగ్గర కెల్విన్ "థూ" అన్నాడు. గ్రేమ్ పెన్ను ఆగింది. కెల్విన్ ఏ గ్లాసుకి అన్నాడో ఆయనకి కనబడలేదు. మళ్ళీ రాయసాగాడు.

2:12కి మోయిరా కాగితాలు తీసుకుంది.

"రెండో గ్లాసు. కెల్విన్ రాసింది: 'ఇదేం విస్కీ, కారు పెయింటు.' మరామా రాసింది: 'కోరో తొలి ధార. గోళ్ళరంగు.'"

మూడో కాగితం తిప్పింది.

"గ్రేమ్ పాటన్ రాసింది: 'తేనె. పండిన బేరిపండు. వెనకాల మానుకా పొగ. చాలా హుందాగా ఉన్న విస్కీ.'"

కెల్విన్ కుర్చీ తిప్పి గ్రేమ్ వైపు చూశాడు.

"రెండో గ్లాసులో ఉన్నది వాలెస్ తన ఇంటి పొయ్యికి వాడుకునే సొంత తొలి ధార" అంది మోయిరా. "స్పిరిట్ ఏదైనా ముక్కుని కాస్త గుచ్చుతుంది. మీకు ఆ పోటు తెలుస్తుంది. వాసన తెలియదు. ఎన్నాళ్ళయింది గ్రేమ్ గారూ?"

గ్రేమ్ గోడ వైపే చూస్తున్నాడు.

"ఇదేం నేరమా? నా ముక్కు నా ఇష్టం."

"నేరం కాదు. అది దాచడానికి చేసింది నేరం." మోయిరా సీసా ఎత్తి బల్ల మీద పెట్టింది. "బార్లీ నుంచి కాచిన తొలి ధారలో మిథనాల్ ఇంతే ఉంటుంది." వేలి కొస చూపించింది. "కంపు కొడుతుంది, తలనొప్పి తెస్తుంది. మనిషిని గుడ్డివాణ్ణి చేసి చంపేంత ఉండదు. అది మందుల షాపు నడిపిన మీకు తెలుసు. ల్యాబ్‌లో తేలిపోతుందనీ తెలుసు. అందుకే పీపాలో కెల్విన్ డ్రమ్ములోని మిథనాల్ పోసి ఊరుకోలేదు. ఈ సీసా ఖాళీ చేసి, దీన్నీ మిథనాల్‌తో నింపారు. అప్పుడు తప్పు మరామాదవుతుంది. గురువారం, పది నుంచి పన్నెండున్నర మధ్య."

"ఎవరైనా చేసి ఉండొచ్చు."

"ఎవరైనా అయితే సీసాని కడగరు. సీసా నింపేముందు వేడినీళ్ళతో కడిగి, బోర్లించి ఆరబెట్టేది మీ క్లబ్బువాళ్ళే. అలవాటు. పోసేది విషమైనా సరే, మురికి సీసాలో పోయడానికి చెయ్యి రాలేదు. ఏడాది మరకలతో పాటు వాసన కూడా కడుక్కుపోయింది. ల్యాబ్ రిపోర్టు ఇదిగో. గోళ్ళరంగు వాసన ఇచ్చేది చుక్క కూడా లేదు. ముక్కున్న వాడెవడైనా, కెల్విన్ అయినా, మూత పెట్టేముందు 'ఇదేమిటి, వాసనే లేదు' అనుకునేవాడు. మీకు అనిపించలేదు."

ఆమె వాలెస్ కుర్చీ వైపు తిరిగింది.

"వాలెస్‌కి అనిపించింది. కళ్ళు పోయాక ఆయనకి మిగిలింది ముక్కొక్కటే. పీపాలో ఏదో జరిగిందని అర్థమై, తడుముకుంటూ ఇక్కడికొచ్చి ఈ సీసా మూత తీశాడు. మరామా తప్పు చేసిందేమోనని కాదు. చెయ్యలేదని తేల్చుకోవడానికి. ఈ పిల్లకే ఫోన్ చేశాడు."

మరామా చెయ్యి కీరి వీపు మీద బిగిసింది.

"కథ బాగుంది" అన్నాడు గ్రేమ్. కుర్చీ ఇటు తిప్పాడు. "ఋజువు?"

బయట కారు ఆగిన చప్పుడు. 2:26. తామాటి ప్లాస్టిక్ సంచీతో లోపలికొచ్చాడు. అందులో బిరడా వదులుగా పెట్టిన సీసా.

"పొయ్యి గట్టు మీదే ఉంది సార్జెంట్. కారంతా కంపే. అద్దాలు దించుకుని వచ్చా."

"నిన్న మీ ఇంట్లో ఆడవాళ్ళ గోళ్ళరంగు అనుకున్నాను" అంది మోయిరా. "పొయ్యి వేడికి బిరడా సందులోంచి గదంతా నిండింది. నా ఎదురుగా కూర్చుని టీ తాగారు మీరు. రెండేళ్ళుగా మీరు కాయడం లేదన్నారు. మరి ఈ తొలి ధార ఎవరిది?" సంచీ మూతి తెరిచి మరామా వైపు పట్టింది.

మరామా ఒక్కసారి పీల్చింది. కళ్ళు చెమర్చాయి.

"నాది. అడుగున పొగ ఉంది."

"ల్యాబ్ కూడా అదే చెబుతుంది. ఎందుకు పారబొయ్యలేదు గ్రేమ్ గారూ?"

ప్రింగిల్ మెల్లగా వెళ్ళి ఆయన వెనక నిలబడ్డాడు.

"తొలి ధార పారబొయ్యం" అన్నాడు గ్రేమ్ చివరికి. "పొయ్యికి వాడతాం. నలభై ఏళ్ళుగా అంతే. చెయ్యి దానంతటదే ఇంటికి తీసుకెళ్ళింది."

"వాలెస్‌కి ఎలా తెలిసింది?"

"పోటీలో కంపు కొట్టే సీసాకి బంగారు పతకం ఇచ్చాను. వాడు దాన్ని వాసన చూశాడు. నా వంక చూశాడు." గ్రేమ్ తన ముక్కుని చేత్తో తడుముకున్నాడు, అది ఉందో లేదో చూసుకున్నట్టు. "రెండేళ్ళ క్రితం జ్వరం. లేచేసరికి లోకంలో వాసన లేదు. వస్తుందిలే అన్నారు. రాలేదు. ఆదివారంలోగా డిస్టిలరీ వాళ్ళకి నువ్వే చెప్పు, లేకపోతే నేను చెబుతానన్నాడు వాలెస్. ఆ స్థానం ఈ అమ్మాయికిస్తారట. నిన్న మొన్న బట్టీ ముట్టుకున్న పిల్లకి."

"అందుకని నా పీపాలో పోశావా?" మరామా మాట పైకి రాలేదు. దగ్గరున్నవాళ్ళకే వినబడింది. "కోరో నా పీపా నుంచే తాగుతాడని తెలిసి?"

"మొదటి రెండు గ్లాసులూ వాడే తాగుతాడు" అన్నాడు గ్రేమ్. "ఇంకెవరికీ ఏమీ కాదు. నీకు కూడా ఏమీ కాకూడదనే..."

"నీవల్ల దీన్ని నా దగ్గర్నుంచి తీసుకుపోబోయారు" అంది మరామా.

గ్రేమ్ పెన్నుకి మూత పెట్టాడు.

శిశు సంక్షేమం ఆవిడ నాలుగడుగులు వేసి, సంచీ మరామా కాళ్ళ దగ్గర పెట్టింది. బయటికెళ్ళిపోయింది.

2:51. ప్రింగిల్ బేడీలు వేశాడు. గ్రేమ్‌ని వాలెస్ పీపాల వరస ముందు నుంచే నడిపించాలి, వేరే దారి లేదు. మధ్యలో గ్రేమ్ ఆగాడు. ఒక పీపా మీదికి వంగి, గుండె నిండా గాలి పీల్చుకున్నాడు. మళ్ళీ పీల్చుకున్నాడు. మొహంలో ఏ మార్పూ లేదు.

"మరామా, ఎలా ఉందో ఒక్కసారి చెప్పు. వాడిది. పన్నెండేళ్ళది."

ఆమె ఆయన వంక చూసింది.

చెప్పలేదు.

గుడ్డలోంచి కీరి తల కొంచెం బయటికొచ్చింది. మరామా తల వంచి, ఆ పలచటి జుట్టులో ముక్కు పెట్టి, కళ్ళు మూసుకుని, దీర్ఘంగా ఊపిరి తీసుకుంది.

గ్రేమ్ అది చూస్తూ నిలబడిపోయాడు. తామాటి భుజం పట్టి లాగేదాకా కదల్లేదు.